సిగరెట్ కాలుస్తున్న పదో తరగతి కుర్రాళ్లు: పట్టుకున్నాం సరే, మాన్పించేదెలా?

సైన్సు మాస్టారు · జూలై 8, రాత్రి 9:40

అందరికీ నమస్కారం. శ్రీకాకుళం జిల్లాలో సముద్రం వైపు ఉన్న ఒక జడ్పీ హైస్కూల్లో బయాలజీ చెబుతాను. మొన్న మధ్యాహ్న భోజనాలయ్యాక గోడ అవతల సరుగుడు తోటలో ముగ్గురు కుర్రాళ్లు దొరికారు. ఇద్దరు పదో తరగతి, ఒకడు తొమ్మిది. ఉన్నది ఒక్కటే సిగరెట్టు, ముగ్గురూ వంతులేసుకుని పీలుస్తున్నారు. నన్ను చూడగానే ఒకడు దాన్ని చొక్కా జేబులో పెట్టేసుకున్నాడు. జేబు కాలింది. వాడి కంగారు చూసి ముందు నవ్వొచ్చింది, తర్వాత భయమేసింది.

స్టాఫ్‌రూంలో రెండు వర్గాలు. టీసీ ఇచ్చి పంపేద్దామని కొందరు, తల్లిదండ్రుల్ని పిలిచి వాళ్ల ముందే నాలుగు తగిలిద్దామని కొందరు. హెడ్మాస్టారు "నువ్వు బయాలజీ కదా, నువ్వే చూడు" అని నా మీద వదిలేశారు. బోర్డు మీద ఊపిరితిత్తుల బొమ్మ వెయ్యడం తప్ప నాకేం తెలుసు? మా బడిలో కౌన్సెలర్ అంటూ ఎవరూ లేరు. ఇలాంటిది ఎవరైనా చేసి ఉంటే చెప్పండి. ఉపన్యాసాలు మాత్రం వద్దు, అవి నేనే బాగా ఇస్తాను.

ఆముదాలవలస జంక్షన్ · జూలై 8, రాత్రి 10:05

టీసీ వద్దు గానీ రెండు దెబ్బలు పడాలి మాస్టారూ. మా లెక్కల మాస్టారు నన్ను పట్టుకుని మధ్యాహ్నం దాకా ఎండలో నిలబెట్టారు. ఆ రోజు నుంచి బడి దగ్గర సిగరెట్టు ముట్టుకోలేదు.

పలాస జీడిపప్పు · జూలై 8, రాత్రి 10:11

బడి దగ్గర ముట్టుకోలేదు. మరెక్కడ ముట్టుకున్నావు బావూ?

ఆముదాలవలస జంక్షన్ · జూలై 8, రాత్రి 10:14

రైల్వే గేటు దగ్గర. ఇప్పటికి ఇరవై రెండేళ్లయింది, ఇంకా కాలుస్తున్నాను. సరే, నా మాట పక్కన పెట్టండి.

గంటస్తంభం నీడ · జూలై 9, ఉదయం 6:50

విజయనగరంలో పిల్లలతో, కుర్రాళ్లతో కౌన్సెలింగ్ పని చేస్తుంటాను. కొంచెం పెద్దగా రాస్తున్నాను, ఓపిక పట్టండి.

ముందు ఒక పని చెయ్యండి మాస్టారూ. శిక్ష వేసే మనిషి, మాట్లాడే మనిషి ఒకరే కాకూడదు. బడి క్రమశిక్షణ హెడ్మాస్టారు చూసుకుంటారు, మీరు అందులో వేలు పెట్టకండి. ఆ పిల్లలకి ఈ సంగతి మొదటి రోజే తెలియాలి. లేకపోతే మీ ముందు కూర్చుని "మానేశాను సార్" అంటారు. మీరు సంతోషిస్తారు, వాళ్లు తోట మారుస్తారు.

తర్వాత కూర్చోబెట్టి "ఎందుకు కాలుస్తున్నావురా" అని అడక్కండి. ఆ ప్రశ్నకి తలొంచుకోవడం తప్ప జవాబు లేదు. "అందులో నీకేం బాగుంటుంది?" అని అడగండి. మొదటిసారి బిత్తరపోతారు, పెద్దవాళ్లెవరూ వాళ్లని అలా అడిగి ఉండరు. ఒకడు ఫ్రెండ్స్ కోసం అంటాడు. ఒకడు చదువు టెన్షన్ అంటాడు. ఒకడు, నిజంగా విన్నాను ఇది, "పక్కన ఎవడో ఒకడు ఉంటాడు కదా సార్" అన్నాడు. ఆ జవాబుని బట్టి మీ దారి ఉంటుంది. ఫ్రెండ్స్ కోసం కాల్చేవాడికి ఊపిరితిత్తుల కేన్సర్ గురించి చెప్పడం దండగ. పదిహేనేళ్ల వాడికి యాభై ఏళ్ల వయసు అంటే ఇంకో దేశం.

ఆ తర్వాత "మానాలని ఎంత ఉంది? సున్నా నుంచి పదిలో చెప్పు" అనండి. వాడు నాలుగు అంటే "నాలుగేనా?" అని మూతి ముడవకండి. "రెండు ఎందుకు చెప్పలేదు?" అని అడగండి. అప్పుడు మానడానికి కారణాలు వాడి నోటితోనే వస్తాయి. క్రికెట్ ఆడితే ఆయాసం వస్తోందని, అమ్మ చొక్కా వాసన చూస్తోందని, రోజుకి ఇరవై రూపాయలు పోతున్నాయని. మనం చెప్పే నూరు కారణాల కంటే వాడు చెప్పుకున్న ఒక్కటి గట్టిది.

ఇంకో ప్రశ్న తప్పకుండా అడగండి: పొద్దున్న లేచాక ఎంతసేపటికి మొదటిది? బడి అయ్యాక సాయంత్రం అంటే ఇంకా అలవాటు దశ. లేచిన అరగంటలోపు అంటే నికోటిన్ బాగా పట్టేసినట్టు. వాడితో పని వేరుగా ఉంటుంది.

టెక్కలి అమ్మ · జూలై 9, ఉదయం 9:20

అంతా బాగుందండీ. కానీ నా కొడుకు సిగరెట్లు కాలుస్తుంటే, మాస్టారికి తెలిసి నాకు చెప్పకపోతే నేను ఒప్పుకోను. కన్నది నేను. వాడి ప్యాంటు జేబులో అగ్గిపెట్టె దొరికితే ఆ వారమంతా నాకు నిద్ర లేదు. ఇంట్లో ఆయన హైదరాబాదులో పని, నెలకి ఒకసారి వస్తారు. ఎవరితో చెప్పుకోవాలి? బడిలో ఇలా దాచిపెట్టి మాట్లాడతారంటే భయంగానే ఉంది.

గంటస్తంభం నీడ · జూలై 9, ఉదయం 10:02

మీ కోపం న్యాయమే అమ్మా. దాచిపెట్టడం గురించి కాదు నేను చెప్పేది. మొదటి రోజే పిల్లాడికి ఇలా చెబుతాం: "నువ్వు చెప్పింది నేను పదిమందికీ చాటను. కానీ నీ ప్రాణానికి ప్రమాదం అనిపించినా, గంజాయి లాంటిది ఉందని తెలిసినా ఇంట్లో చెప్పకుండా ఉండను." ఆ తర్వాత మెల్లగా, ఇంట్లో ఎవరో ఒక పెద్దవాళ్లకి వాడే చెప్పేలా చూస్తాం. ఎవరికి చెప్పాలో ఎంచుకునేది వాడు. బడి నుంచి ఫోన్ వెళ్తే ఇంట్లో జరిగేది వేరు, వాడే వచ్చి చెబితే జరిగేది వేరు.

మరి ఆ అగ్గిపెట్టె దొరికాక ఏం చేశారు?

టెక్కలి అమ్మ · జూలై 9, ఉదయం 10:30

కొట్టాను. తర్వాత నేనే ఏడ్చాను. వాడు పాలకొండలో వాళ్ల మామ్మ దగ్గరికి వెళ్లిపోయి నాలుగు రోజులు రాలేదు.

వంశధార అక్క · జూలై 9, మధ్యాహ్నం 1:15

మామ్మ అంటే గుర్తొచ్చింది. పీహెచ్‌సీలో నర్సుని. మన తీరం ఊళ్లలో ముసలమ్మలు అడ్డపొగ తాగడం అందరికీ తెలిసిందే కదా, చుట్టని నిప్పున్న వైపు నోట్లో పెట్టుకుని. అంగిట్లో తెల్లమచ్చలు, పుళ్లు, కేన్సర్లు దాని వల్ల వస్తాయని డాక్టర్లు దశాబ్దాలుగా చెబుతూనే ఉన్నారు. మన ఉత్తరాంధ్ర అడ్డపొగ పేరు వైద్యం పుస్తకాల దాకా వెళ్లింది, గొప్పగా చెప్పుకునే పేరు కాదనుకోండి.

ఇప్పుడు అసలు మాట. అమ్మానాన్న చెన్నై, హైదరాబాదు వలసపోతే పిల్లలు ఈ మామ్మల దగ్గరే పెరుగుతారు. "ఒరేయ్, పొయ్యి దగ్గర చుట్ట అంటించి తే" అని పంపుతుంది. అంటించాలంటే ఒక దమ్ము లాగాలి కదా! ఏడేళ్లకే పొగ రుచి తెలిసిపోతుంది. మీ ముగ్గురిలో ఇలాంటివాళ్లు ఎందరో అడిగి చూడండి మాస్టారూ. తోటలో ఫ్రెండు నేర్పాడని మనం అనుకుంటాం గానీ, నేర్పింది పొయ్యి గట్టు.

నరసన్నపేట కిళ్లీ కొట్టు · జూలై 9, సాయంత్రం 7:48

మా అత్తయ్య కొట్టు నేనే చూస్తాను కాబట్టి నా వంతు తిట్లు నేనే తింటాను. కుర్రాళ్లు వచ్చి "నాన్నకి" అంటారు. నాన్నకైతే ఒక్క లూజు సిగరెట్టుతో పాటు పిప్పరమెంటు బిళ్ల ఎందుకురా అని అడగాలి. అడగం. ఆ బిళ్లే సాక్ష్యం.

బోర్డు పెట్టాం, "18 ఏళ్ల లోపు వారికి అమ్మబడదు" అని. ఎవరూ చదవరు, రాసిన నేను కూడా.

ఏడు రోడ్ల కూడలి · జూలై 9, రాత్రి 9:33

బోర్డుతో ఆగిపోయే విషయం కాదండీ ఇది. 2003 నాటి పొగాకు చట్టం ప్రకారం 18 లోపు వారికి అమ్మకూడదు, బడికి 100 గజాల లోపు ఎవరికీ అమ్మకూడదు. దానికి జరిమానా 200 రూపాయల వరకే కాబట్టి ఎవరికీ లెక్కలేదు. కానీ 2015 బాలల న్యాయ చట్టంలో 77వ సెక్షన్ ఉంది. పిల్లలకి పొగాకు ఇస్తే ఏడేళ్ల వరకు కఠిన జైలు, లక్ష రూపాయల వరకు జరిమానా. సిగరెట్టు మానడానికి అంటూ నెట్‌లో అమ్మే ఈ-సిగరెట్లు 2019 నుంచి దేశమంతటా నిషేధం. బడి ప్రహరీ నుంచి 100 గజాల దగ్గర పసుపు గీత గీయించే పద్ధతి కూడా కేంద్ర ఆరోగ్యశాఖ మార్గదర్శకాల్లోనే ఉంది. మాస్టారూ, ఒక పెయింట్ డబ్బాతో అయిపోతుంది, గీయించండి.

ఇక మీ అసలు ప్రశ్న. అమెరికాలో వాషింగ్టన్ రాష్ట్రంలో 50 హైస్కూళ్లలో పెద్ద ప్రయోగం చేశారు, 2009లో ఫలితాలు వచ్చాయి. సిగరెట్ కాల్చే పిల్లల్ని ప్రయోగం చేసేవాళ్లే వెతుక్కుని, శిక్షణ ఉన్న కౌన్సెలర్లతో ఫోన్లో మాట్లాడించారు. పైన చెప్పిన ఆ సున్నా నుంచి పది తరహా సంభాషణే. కౌన్సెలింగ్ అందిన బడుల్లో ఆరు నెలల పాటు మానేసి ఉన్నవాళ్లు దాదాపు 22 శాతం, అందని బడుల్లో 18 శాతం.

ఆముదాలవలస జంక్షన్ · జూలై 9, రాత్రి 9:41

ఇంతా చేసి నాలుగు శాతమేనా?

ఏడు రోడ్ల కూడలి · జూలై 9, రాత్రి 9:58

మీ లెక్కల మాస్టారి ఎండ కంటే నాలుగు ఎక్కువే కదండీ.

నాకు నచ్చింది అంకె కాదు. ఆ ప్రయోగంలో సిగరెట్ ముట్టని పిల్లల్లోనూ కొందరికి ఫోన్లు చేశారు. ఎందుకంటే, కాల్చేవాళ్లకే ఫోన్ వస్తుందని తెలిస్తే ఫోన్ వచ్చిన ప్రతివాడి మీదా ముద్ర పడిపోతుంది. ఈ చిన్న తెలివి మన బడికి పైసా ఖర్చు లేకుండా పనికొస్తుందని నా నమ్మకం.

సైన్సు మాస్టారు · జూలై 10, ఉదయం 7:12

ఇదీ నాకు కావలసిన మాట. ముగ్గురిని పేరు పెట్టి పిలిస్తే సాయంత్రానికి ఊరంతా తెలిసిపోతుంది. మా ఊళ్లో చేపలకంటే ముందు కబుర్లు ఒడ్డుకొస్తాయి. పదో తరగతి మొత్తాన్ని రోల్ నంబరు ప్రకారం పిలుస్తాను, తర్వాత తొమ్మిది. మనిషికి పది నిమిషాలు. నిద్ర, తిండి, ఫోను, టెన్షన్, పొగాకు అన్నీ అడుగుతాను. లైబ్రరీ గది ఖాళీయే, పుస్తకాలు బీరువాలో ఉన్నాయి, బీరువా తాళం ఎక్కడుందో ఎవరికీ తెలీదు.

రాజాం కుర్రాడు · జూలై 10, రాత్రి 11:26

బీటెక్ రెండో సంవత్సరం. తొమ్మిదిలో మొదలుపెట్టి ఇంటర్‌లో మానేశాను, కాబట్టి నాకు కొంచెం హక్కుంది.

మొదటి మూడు రోజులు నరకం సార్. తల పగిలిపోతుంది, అమ్మ అన్నం తినమన్నా అరిచేస్తాం, పుస్తకం తెరిస్తే అక్షరాలు కనపడవు. అది నికోటిన్ వదిలేటప్పుడు అలాగే ఉంటుందని నాకెవరూ చెప్పలేదు. నాకేదో అయిపోయిందనుకుని మళ్లీ అంటించేవాడిని. అలా నాలుగుసార్లు. ఐదోసారి మా సీనియర్ ఒకడు చెప్పాడు, రెండు మూడు రోజులు గట్టిగా ఉంటుంది, తర్వాత రెండు మూడు వారాల్లో తగ్గిపోతుంది అని. అది తెలిశాక కష్టం తగ్గలేదు గానీ భయం తగ్గింది.

ఇంకోటి. కాల్చాలనే తహతహ ఒకేలా ఉండదు, అల లాగా లేచి ఐదు పది నిమిషాల్లో పడిపోతుంది. ఆ పది నిమిషాలు ఏం చెయ్యాలో ముందే అనుకోవాలి. నేనైతే చల్లని నీళ్లు తాగి మేడ మెట్లు ఎక్కి దిగేవాడిని. మా పక్కింటాయన నాకు పిచ్చి పట్టిందనుకున్నాడు.

పిల్లలకి కేన్సర్ బొమ్మలు చూపించకండి. మేం వాటిని ప్యాకెట్ మీద రోజూ చూసేవాళ్లం, ఏ బొమ్మ వస్తుందని పందెం కాసేవాళ్లం.

పలాస జీడిపప్పు · జూలై 11, ఉదయం 8:02

మెడికల్ షాపుల్లో నికోటిన్ చూయింగ్ గమ్ దొరుకుతుంది కదా, అది కొనిచ్చేస్తే పోలే?

వంశధార అక్క · జూలై 11, ఉదయం 8:45

వద్దు బావూ. 18 లోపు పిల్లలకి డాక్టరు చూడకుండా ఇవ్వకూడదు. పెద్దవాళ్లకి బాగా పనిచేసినంత స్పష్టంగా పిల్లల్లో పనిచేసినట్టు కూడా రుజువు లేదు. ఈ వయసులో మందు కంటే మాటే ముఖ్యం. లేచిన వెంటనే కాల్చే పిల్లాడు ఉంటే మాత్రం డాక్టరు దగ్గరికి తీసుకురండి.

మాట్లాడే మనిషి దొరక్కపోతే ఫోను ఉంది. పొగాకు మానేవారి కోసం కేంద్రం నడిపే ఉచిత నంబరు 1800-11-2356, సిగరెట్టు ప్యాకెట్ల మీద కూడా ఉంటుంది. పొద్దున్న 8 నుంచి రాత్రి 8 దాకా, సోమవారం సెలవు. మనసు బాగాలేకపోతే టెలీ మానస్ 14416, తెలుగులోనే మాట్లాడతారు.

సైన్సు మాస్టారు · ఆగస్టు 4, రాత్రి 8:30

నాలుగు వారాలైంది, ఏం జరిగిందో రాస్తాను.

పది మొత్తాన్ని పిలిచాను. నాకు దొరికింది ఇద్దరు. గదిలో నోరు విప్పింది ఐదుగురు. వాళ్లలో క్లాసు లీడరు ఒకడు! ప్రార్థనలో ప్రతిజ్ఞ చెప్పించేది వాడే. ఒక అమ్మాయి తను ఖైనీ రుచి చూశానని చెప్పింది, ఇంకో ముగ్గురు అమ్మాయిలు "మా నాన్నతో ఎలా మాన్పించాలి సార్" అని అడిగారు. ఆడపిల్లల్ని నేను లెక్కలోనే వేసుకోలేదు. దేశం మొత్తం మీద 2019 సర్వేలో 13 నుంచి 15 ఏళ్ల బడి పిల్లల్లో 8.5 శాతం మంది ఏదో ఒక రూపంలో పొగాకు వాడుతున్నారని తేలింది, అమ్మాయిలు మగపిల్లలకంటే మరీ వెనకబడి ఏం లేరు. అది చదివాక గానీ నా కళ్లు తెరుచుకోలేదు.

అక్క చెప్పినట్టే అడిగాను. ఐదుగురిలో ఇద్దరు మామ్మ చుట్ట అంటించి నేర్చుకున్నవాళ్లే.

మొదటి వారం ఘోరంగా చేశాను. "అందులో ఏం బాగుంటుంది" అని అడిగి, వాడు చెప్పడం మొదలుపెట్టగానే ఆపుకోలేక కార్బన్ మోనాక్సైడ్ పాఠం చెప్పేశాను. వాడు నోట్స్ రాసుకున్నాడు. సిగ్గేసింది. రెండో వారం నుంచి నోట్లో సోంపు వేసుకుని కూర్చుంటున్నాను, నేను మాట్లాడకుండా ఉండటానికి.

జేబు కాలినవాడు మానే తేదీ పెట్టుకున్నాడు, వాళ్ల చెల్లెలి పుట్టినరోజు. ముందు రోజు ఒకసారి, ఆ మర్నాడు, మూడో రోజు, వారానికి, ఇలా కలిశాం. మూడో రోజు వాడు నా మీద అరిచాడు, క్లాసులో అందరి ముందూ. రాజాం తమ్ముడు రాసింది చదివి ఉండకపోతే నేనూ తిరిగి అరిచేవాడిని. ఇంట్లో ఎవరికి చెబుతావంటే అమ్మానాన్నా కాదని, చెన్నైలో ఉన్న మేనమామకి చెప్పాడు. ఆయన రోజూ రాత్రి ఫోన్ చేస్తున్నాడు. ఈ రోజుకి పన్నెండు రోజులు.

రెండోవాడు రోజుకి నాలుగు నుంచి ఒకటికి వచ్చి అక్కడే ఆగాడు. మానాలని ఎంత ఉందంటే మూడు అంటాడు. మొదట ఒకటి అన్నాడు.

తొమ్మిదో తరగతివాడు, ముగ్గురిలో చిన్నవాడు, బడి మానేసి వాళ్ల నాన్నతో పనికి వెళ్లిపోయాడు. ఒక్కసారి మాట్లాడాను. రెండోసారికి లేడు.

టెక్కలి అమ్మ · ఆగస్టు 5, ఉదయం 6:40

మేనమామకి చెప్పాడన్న మాట దగ్గర ఆగిపోయాను. నా కొడుక్కీ ఒక మేనమామ ఉన్నాడు. నిన్న రాత్రి మా తమ్ముడికి ఫోన్ చేశాను. నేనేం చెప్పలేదు, ఊరికే వాడితో రోజూ మాట్లాడుతూ ఉండమన్నాను.

నరసన్నపేట కిళ్లీ కొట్టు · ఆగస్టు 5, రాత్రి 9:10

మా దగ్గర బడివైపు ఉన్న నాలుగు కొట్లవాళ్లం కూర్చుని మాట్లాడుకున్నాం. యూనిఫాంలో వస్తే ఇవ్వం అనుకున్నాం. మర్నాడే ఒకడు చొక్కా మార్చుకుని వచ్చాడు, ప్యాంటు మాత్రం యూనిఫాందే. నిజం చెబుతున్నాను, బేరం తగ్గింది. అత్తయ్య ఇంకా అలిగే ఉంది.

గంటస్తంభం నీడ · ఆగస్టు 6, ఉదయం 7:05

మాస్టారూ, ఆ తొమ్మిదో వాడి విషయంలో మీరు కుంగిపోతున్నట్టున్నారు. వాడి ఫోన్ నంబరు దొరికితే నెలకోసారి చెయ్యండి, సిగరెట్ ఊసు ఎత్తకుండా. బడికి తిరిగొచ్చే దారి కూడా అదే కావచ్చు.

సోంపు ఉపాయం నేను దొంగిలిస్తున్నాను.

సైన్సు మాస్టారు · అక్టోబర్ 21, రాత్రి 8:55

దసరా సెలవులయ్యాయి. జేబు కాలినవాడు ఎనభై రోజులకు పైగా ముట్టలేదు. మొన్న పైడితల్లమ్మ జాతరకి, అదే సిరిమానోత్సవానికి, విజయనగరం వాళ్ల పిన్ని ఇంటికి వెళ్లాడు. ఆ జనంలో, సిరిమాను కదిలే వేళకి పెదనాన్న కొడుకులు ఒకటి చేతిలో పెట్టారు. రెండు కాల్చాడు. ఈ రోజు లంచ్ టైములో తనంతట తానే లైబ్రరీ గదికి వచ్చి చెప్పాడు. "అంతా పోయింది సార్" అన్నాడు.

ఎనభై రోజులు ఎక్కడికీ పోలేదురా అన్నాను. ఆ రెండూ ఎప్పుడు, ఎవరితో, చేతిలో ఏముంటే తీసుకోకుండా ఉండేవాడివో రాయమన్నాను. వాడు రాసింది: "చేతిలో చెరుకు గడ ఉంటే." నవ్వుకున్నాం ఇద్దరం.

రేపు వాడికి మళ్లీ మొదటి రోజు. బడి గంట కొట్టే ముందు గేటు దగ్గర కలుస్తానన్నాడు. రెండోవాడు కూడా వస్తానన్నాడు, ఎందుకో చెప్పలేదు. నేనూ అడగలేదు.

పసుపు గీత వేశాం. మొన్నటి వానకి సగం పోయింది, మళ్లీ వెయ్యాలి.

ఆముదాలవలస జంక్షన్ · అక్టోబర్ 21, రాత్రి 10:20

మాస్టారూ, ఆ 1800 నంబరు ఇప్పుడే చూశాను. ఇవాళ సోమవారం, సెలవు కదా. రేపు పొద్దున్న 8కి చేస్తాను.